చందుర్తి రణరంగము: పటాలముల వంశావళియు ధ్వజబిరుదములును

వేంగీ చాళుక్యుల తామ్రశాసనములఁ జదువువారికి మూఁడంశములు ముందుగాఁ గనఁబడును. రేకులను గ్రుచ్చిన కడియముమీఁద వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, పద్మము, శ్రీ త్రిభువనాంకుశ యను నక్షరములు గల ముద్ర మొదటిది, అది లాంఛనము. కుబ్జవిష్ణువర్ధనుని పదునెనిమిదేండ్ల పాలనము మొదలుకొని దానకర్త వఱకు రాజులను, వారి పాలనకాలములను వరుసగాఁ జెప్పుట రెండవది, అది వంశావళి. వారు గెలిచిన కయ్యములను, వానివలనఁ బొందిన పేళ్లను జెప్పుట మూఁడవది; అవి బిరుదములు. దాత యెవ్వఁడు, అతనికి దానాధికార మెట్లు సంక్రమించెను, లోకమతని నేల గౌరవించెను అను మూఁడు ప్రశ్నలకు ఈ మూఁడంశములును క్రమముగా నుత్తరములు.

ఆధునిక సేనలలోని పటాలములకును ఈ మూఁడును గలవు. పటాలము పుట్టిన యుత్తరువు, మాఱిన పేళ్లు, సంఖ్యలు, రద్దయిన తేదీ, మరల నెత్తఁబడిన తేదీ, ఇవి దాని వంశావళి. టోపీబిళ్లమీఁది బొమ్మయు నినాదమును దాని లాంఛనము. పోరిన రణరంగముల పేళ్లు ధ్వజముపైఁ గుట్టఁబడినచో నవి దాని బిరుదములు. గోదావరీ మండలమున జరిగిన యొక యుద్ధము పేరు ఇట్లు రెండు పరదేశ పటాలముల ధ్వజముల నలంకరించెను. ఆంగ్లచరిత్రలలో కాండోర్ యుద్ధమనఁబడు చందుర్తి యుద్ధమే యది. ఆ బిరుద మెవరికిఁ జెందెను, ఎవరికిఁ జెందలేదు, ఏల చెందలేదు అను విచారణ ఈ వ్యాసమునకు విషయము. సైనికవంశావళులు చరిత్రకు సాక్ష్యములే. కాని శాసనములవలెనే యవియుఁ గొన్నిటిఁ జెప్పి కొన్నిటిని విడుచును. విడిచినవానిఁ గనిపెట్టనిచోఁ జదువరి మోసపోవును.

౧. ఫిరంగిదళముల లాంఛనవిశేషము

పదాతిపటాలములకు ధ్వజములుండును, ఫిరంగిదళములకు ఆ యర్థమున ధ్వజములు లేవు. బ్రిటిషు సంప్రదాయమున ఫిరంగియే యా దళమునకు ధ్వజము. పదాతులు టెక్కెమును శత్రువునకు విడుచుట యెట్టి యవమానమో, గోలందాజులకు ఫిరంగిని విడుచుట యట్టి యవమానము. మఱియొక విశేషము గలదు. ఫిరంగిదళము ప్రతి యుద్ధమునందును బాల్గొనును గావున రణరంగముల పేళ్లను వేఱువేఱుగాఁ జెప్పుటకు మాఱుగా "అంతటను" అను నర్థము గల లాటిను పదము "యుబీక్వే" బ్రిటిషు రాచఫిరంగి పటాలమునకు నాల్గవ విలియము రాజు కాలమున నొసఁగఁబడెను. నేఁటి భారత ఫిరంగి పటాలపు నినాదము "సర్వత్ర ఇజ్జత్-ఓ-ఇక్బాల్" అనునది. చిహ్నమున నడుమ ఫిరంగి, పైని సర్వత్ర యను సంస్కృతావ్యయము, క్రింద గౌరవ ప్రతాపవాచకములైన పారసీక సంప్రదాయపు జంట. లాటిను పదమునకు సంస్కృతము, దాని తోడి వాక్యమునకు ఉర్దూ అనువాదములై యొక్క లాంఛనమున నిమిడిన ఈ కూర్పు భాషాచరిత్రమును బరిశీలించువారికిఁ గూడ రుచింపఁదగినది.

ఫిరంగిదళముల పరిభాషయు నిట్టిదే. ఫిరంగి యనునది ఫ్రాంకుజాతివారి పేరునుండి పుట్టి, మొదట ఐరోపావారికిని, పిదప వారి యాయుధమునకును జెల్లెను. గోలందాజు గుండు విసరువాఁ డను పారసీకపదము. పటాల మనునది బెటాలియను శబ్దముతోఁ జుట్టఱికము గలది. పురాణములందలి శతఘ్ని శబ్దమును ఫిరంగికిఁ బర్యాయముగా వాడుట యిటీవలి యలవాటు. పురాణకాలమున నల్లమందు ఫిరంగు లుండెననుటకు అది సాక్ష్యము కాఁజాలదు.

వంశావళిని నిక్కచ్చిగా వ్రాసిపెట్టుట అమెరికా సంయుక్తరాష్ట్రముల సేనలో శాస్త్రముగానే పెరిగినది. అందు రిజర్వుసేనలోని క్షేత్ర ఫిరంగిదళమునకు సైతము "స్థాపితము", "వ్యవస్థీకృతము", "నిష్క్రియము", "పునర్నామకృతము" అను నర్థములు గల నియతపదములతో వంశపత్రము వ్రాయుదురు. దళము పదియేండ్లు కాగితముపై మాత్రమే యుండి, మరల వేఱొక పట్టణమున వేఱొక సంఖ్యతో లేచినను, ఉత్తరువు సంధిల్లినంతవఱకు వంశము తెగినట్లు గాదు. ఫిరంగిదళముల వర్ణము ఎఱుపు గావున వారి డాలు సాధారణముగా నెఱ్ఱనిది. రిజర్వు పటాలముల డాలునకుఁ బైచిహ్నము 1775లో లెక్సింగ్టను గ్రామమునఁ దుపాకిఁ బట్టి నిలిచిన పౌరసైనికుని విగ్రహము. పొలముపనినుండి పిలుపు రాఁగానే కదలివచ్చినవాఁడని దాని భావము. సర్కారుల జమీందారుల పాయికులును, సిబ్బందియు నిట్టివారే. కాఱు వచ్చినప్పుడు దున్నుచు, కయ్యము వచ్చినప్పుడు బల్లెము పట్టుచుండిరి. ఆ పౌరసైనికునకు డాలుమీఁదఁ జోటు దొరకెను. పాయికునకు వంశపత్రమే లేదు. ఈ భేదము చందుర్తి వృత్తాంతమునఁ బ్రస్ఫుటమగును.

౨. యుద్ధమునకుఁ బూర్వము

1753లో సలాబత్ జంగు ఉత్తర సర్కారులను పరాసులనఁబడు ఫ్రెంచివారి కొసఁగెను. బుస్సీ వాని నేలుచు, 1757 జనవరిలో బొబ్బిలికోటను ముట్టడించెను. ఆ యుద్ధము ముగిసిన కొలఁది దినములకే విజయనగరప్రభువు విజయరామరాజు తాండ్ర పాపయ్య చేతఁ జచ్చెను. అతని పిదప గద్దెనెక్కిన ఆనందగజపతి ఫ్రెంచివారితోఁ బొసఁగక, వారిని సర్కారులనుండి వెడలఁగొట్టుటకు ఆంగ్లేయుల సాయము గోరెను. 1758లో లాలీ బుస్సీని దక్షిణమునకుఁ బిలిపించుటచే సర్కారుల సేనాధిపత్యము కాన్‌ఫ్లానునకు వచ్చెను. కలకత్తానుండి క్లైవు కర్నల్ ఫోర్డును సేనతో నోడలపైఁ బంపెను. ఫోర్డు అక్టోబరులో విశాఖపట్టణమున దిగి, రాజుతో నొడంబడిక చేసికొని దక్షిణమునకు నడచెను.

ఫోర్డు వెంట సుమారు 500 మంది ఐరోపీయులు, 2,000 మంది వంగదేశపు సిపాయిలు, ఫిరంగులకు సాయపడు లస్కరులు నుండిరి. ఆనందగజపతి పక్షమున వేలకొలఁది పదాతులు, కొన్నివందల గుఱ్ఱపుదళము, వీరితోఁబాటు బ్రిస్టలను నాంగ్లేయుని క్రింద రాజుగారి జీతము దిను కొలఁదిమంది ఐరోపీయులును నాలుగు ఫిరంగులు నుండెను. కాన్‌ఫ్లాను కడ సుమారు 500 మంది ఫ్రెంచివారు, 6,000 మంది సిపాయిలు, ముప్పదికిఁ దక్కువ గాని ఫిరంగులు నుండెను. కావున ఫిరంగిబలమున ఫ్రెంచివారిదే పైచేయి.

౩. జెండాలు నేలపై నుండిన దినము

1758 డిసెంబరులో చందుర్తి పొలములయందు సేనలు తలపడెను. చందుర్తి నేఁడు కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలములోనిది. 2022కు ముందు తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. రాబర్టు ఆర్మ్ పదునెనిమిదవ శతాబ్దిననే వ్రాసిన సైనికచరిత్రము ఈ యుద్ధమునకు ముఖ్యాధారము. అందుఁ గనఁబడు క్రమమిది.

ఫోర్డు తన ఐరోపీయ పటాలమును ఫిరంగులతో నడుమ నిలిపి, సిపాయిలను రెండు ప్రక్కల నుంచెను. నడిమి పటాలము ముందట జొన్నజాతి పైరు మనిషిని మించి పెరిగియుండుటచే నది శత్రువులకుఁ గానరాదయ్యెను. వంగదేశపు సిపాయిలకు క్లైవు కాలమునుండి ఎఱ్ఱని యంగీలుండెను. దక్షిణాపథమున ఆంగ్లేయుల సిపాయిల నంతవఱకు నెఱ్ఱని దుస్తులతోఁ జూచి యెఱుఁగని ఫ్రెంచివారు, యెడమప్రక్క నెఱ్ఱయంగీలు ధరించి నిలిచినవారే ఐరోపీయులని తలఁచి తమ ఐరోపీయబలమును వారిపైకిఁ ద్రోలిరి. ఫోర్డు ఆ భ్రమను గ్రహించి, సిపాయిల జెండాలను జుట్టి నేలపైఁ బెట్టవలసినదని యాజ్ఞాపించెను. నాఁటి సిపాయిదళములకుఁ బెద్ద టెక్కెముగాక దళదళమునకు చిన్నచిన్న పతాకము లుండెడివి. అవి యెగురుచున్నచో వారు సిపాయిలని దూరమునుండియే తెలియును.

లాంఛనమునకుఁ బ్రయోజనము గుర్తింపఁబడుటయే. ఇచ్చట గెలుపునకు మూలము గుర్తింపఁబడకుండుట యయ్యెను. ఒకరి దుస్తుల వర్ణము మఱియొకరిదిగాఁ దోఁచెను. స్వచిహ్నము లైన పతాకములు మట్టిపైఁ బడియుండెను. ఫ్రెంచివారి తాఁకుడంతయు నెడమప్రక్క సిపాయిలపైఁ బడెను. ఐరోపీయబలము తాఁకుడు నోర్వలేక వారు వెనుకంజ వేసిరి. రాజు సేనలును జెదరెను. బ్రిస్టలు నాలుగు ఫిరంగులు మాత్రము నిలిచి కాల్చుచుండెను. తఱుముచుఁ గ్రమము దప్పిన ఫ్రెంచిపటాలమునకుఁ బ్రక్కగాఁ జేనినుండి ఫోర్డు ఐరోపీయులు వెలువడి తుపాకులు గాల్చిరి. ఫ్రెంచివారు వెనుకనున్న తమ ఫిరంగులకడకుఁ బరువెత్తిరి. ఫోర్డు వారిని విడువక తఱిమి యా ఫిరంగులను బట్టుకొనెను. కుడిప్రక్కనుండి నాక్సు క్రింది సిపాయిలు వచ్చి కలసికొనఁగా శిబిరమును జిక్కెను. ఆ దినమున ఫ్రెంచివారు కోలుపోయిన ఫిరంగులు ముప్పది దాఁక. ఫిరంగియే ధ్వజమను లెక్కను ఒక్క పూఁటలో ముప్పది ధ్వజములు పరహస్తగతములయ్యెను.

కాన్‌ఫ్లాను రాజమహేంద్రవరమునకుఁ బాఱి, అచటఁ గూడ నిలువలేక మచిలీపట్టణము చేరెను. రాజమహేంద్రవరపుకోట ఆంగ్లేయుల వశమయ్యెను. 1759 ఏప్రిలులో ఫోర్డు మచిలీపట్టణపుకోటను రాత్రివేళ లగ్గపట్టి గెలిచెను. మే నెలలో సలాబత్ జంగు ఫ్రెంచివారిని విడిచి యాంగ్లేయులతో సంధి చేసికొనెను. 1765లో షా ఆలము ఫర్మానా చేతను, 1766లో నిజాము అలీతోడి యొడంబడిక చేతను సర్కారులు కుంపిణీకిఁ జెందెను. డెల్టాదేశమున ఫ్రెంచిప్రభుత్వము ముగియుటకుఁ దొలిమెట్టు చందుర్తి చేలయందే పడెను.

౪. బిరుదము పొందిన పటాలములు

యుద్ధము ముగిసిన దశాబ్దములకుఁ గాని దాని పేరు ధ్వజబిరుదము గాలేదు. అది రెండు పటాలములకుఁ జెందెను. మొదటిది వంగదేశపు ఐరోపీయ పటాలము. ఇది 1756లో క్లైవు కూర్చిన దళము. 1858లో కుంపిణీ ప్రభుత్వము ముగిసిన పిదప 1860వ దశకారంభమున 101 సంఖ్యతో రాణి సేనలోఁ జేరెను. 1881లో మఱియొక వంగదేశపు పటాలముతోఁ గలసి రాయల్ మన్‌స్టర్ ఫ్యూసిలియర్సు అను ఐరిషుపేరు పొందెను. రెండవది మద్రాసు ఐరోపీయ పటాలము. 1748లో స్ట్రింజరు లారెన్సు దిద్దిన దళములనుండి పెరిగి, 102 సంఖ్యతో రాణి సేనలోఁ జేరి, 1881లో బొంబాయి పటాలముతోఁ గలసి రాయల్ డబ్లిన్ ఫ్యూసిలియర్సయ్యెను. 1756లో క్లైవు వెంట వంగదేశమునకుఁ బోయిన సేనలో మద్రాసువారు నుండుటచే వంగదేశపు దండయాత్రలతో నా పటాలమునకు సంబంధము గలిగెను. మన్‌స్టరు పటాలపు బిరుదములలో మచిలీపట్టణము పేరును గలదు.

వీని లాంఛనములును గమనింపఁదగినవి. రెంటికిని మండుచున్న చేతిగుండు ముఖ్యచిహ్నము. మన్‌స్టరు వారి గుండుపైఁ బెద్దపులి నిలిచెను. డబ్లినువారి చిహ్నమునఁ బెద్దపులితోఁబాటు మైసూరు జ్ఞాపకార్థము ఏనుఁగు నుండెను. పేరు ఐర్లండుది, మృగము భారతదేశపుది. పటాలము పేరు మాఱినను లాంఛనము పాతవంశమును జెప్పుచుండును. బాదామినుండి వేంగికి వచ్చిన చాళుక్యశాఖ వరాహమును విడువకుండుటయు నిట్టిదే. నాణెములు, శాసనములు శిథిలమైనచోట వరాహముద్రయే వంశమును బట్టియిచ్చును.

ఐరిషు స్వతంత్రరాజ్య మేర్పడిన పిమ్మట 1922లో దక్షిణ ఐర్లండు పటాలములు రద్దయ్యెను. ఆ సంవత్సరము జూను 12వ తేదీన వాని ధ్వజములు విండ్సరుకోటలో అయిదవ జార్జి రాజునకు సమర్పింపఁబడెను. అటులఁ గాండోర్ బిరుదమును మోసిన రెండు వంశములును ముగిసెను.

౫. బిరుదము పొందనివారు

బిరుదము వహించిన రెండును ఐరోపీయ పటాలములే. ఎడమప్రక్క ఫ్రెంచి తాఁకుడు నోర్చుకొన్నవారు, కుడిప్రక్కనుండి వచ్చి గెలుపును బూర్తిచేసినవారు సిపాయిలు. వారి యెఱ్ఱయంగీలే శత్రువును మోసగించెను. వంగదేశపు తొలి సిపాయిపటాలము లాల్ పల్టన్ అను పేరుతోఁ బ్రసిద్ధము. వంగదేశపు మొదటి సిపాయి పటాలమను సంఖ్యతో నిలిచిన యా దళము 1857లో కాన్పూరునఁ దిరుగఁబడి నశించెను. తిరుగఁబడిన పటాలమును సేనాపట్టికనుండి తొలఁగించుటతో దాని వంశమును దెగెను. వారసుఁడు లేనిచో బిరుదమును గోరువాఁడు లేఁడు.

ఫిరంగులవారి కథ మఱింత చిక్కైనది. 1748లో కుంపిణీవారు మద్రాసు, బొంబాయి, వంగదేశములలో నొక్కొక్క ఫిరంగిదళము నేర్పఱచిరి. 1860వ దశకారంభమున నా మూఁడు రాజధానుల ఐరోపీయ ఫిరంగిదళములు బ్రిటిషు రాచఫిరంగి పటాలములోఁ గలసెను. "అంతటను" అను నినాదము క్రిందఁ జందుర్తి పేరు వేఱుగాఁ గనఁబడవలసిన యవసరము లేకపోయెను. 1857 పిదప దేశీయ గోలందాజులకుఁ గొన్ని కొండఫిరంగి దళములు దక్కఁ దక్కినవి లేకపోయెను. 1827 సెప్టెంబరు 28న బొంబాయిలో నెత్తఁబడిన గోలందాజు దళము వంశము మాత్రము తెగక నేఁటి సేనలో 5వ బొంబాయి కొండఫిరంగి దళముగా నిలిచెను. ఆ తేదీయే గోలందాజుల దినముగాఁ బాటింపఁబడుచున్నది. భారతీయులకు క్షేత్రఫిరంగులు మరల దక్కినది 1935 జనవరి 15న. ఆ దినమున బెంగుళూరున మొదటి క్షేత్రఫిరంగి బ్రిగేడు పుట్టెను. చందుర్తి కాలమునకు 1935నకు నడుమ 177 ఏండ్లు. ఈ నడుమనున్న విచ్ఛేదము నెఱుఁగక, నేఁటి దళములను 1758 నాఁటి గోలందాజులకు నేరుగా వారసులనుట వంశావళిశాస్త్రమునకు విరుద్ధము.

బ్రిస్టలు నాలుగు ఫిరంగులు రాజుగారివి. అవి యే ప్రభుత్వ సేనాపట్టికకును జేరలేదు. కావున ఫిరంగులు నిలిచినవి, వంశము నిలువలేదు. విజయనగరపు పదాతుల గతియు నిదియే. చెదరినవారని చరిత్రలలో నొక్క వాక్యము వారికి దొరకెను; ఊరు, పేరు, కులక్రమము దొరకలేదు. లస్కరుల పేరు మాత్రము వింతగా బ్రదికినది. ఫిరంగులను లాగి, గుండ్లందించిన పనివారికిఁ జెల్లిన యా పదము గోదావరిపై 1852లో ధవళేశ్వరపు టానకట్ట పూర్తియైన పిదప డెల్టాలో కాలువలకుఁ గావలియుండి తూములెత్తు జలవనరుల యుద్యోగికిఁ జెల్లెను. నేఁటికిని డెల్టా రైతునకు లస్కరనఁగాఁ గాలువగట్టుమీఁది మనిషియే గాని ఫిరంగికడ మనిషి కాఁడు. ధ్వజముపై నెక్కిన పేరు విండ్సరు చేరెను. ధ్వజములేని పేరు చేలలో నిలిచెను.

౬. చదువఁదగిన విధానము

ఈ విషయమునుండి మూఁడు సూత్రములు తేలుచున్నవి. మొదటిది స్థలనామమును గూర్చినది. కాండోర్ అను పేరును బడిపుస్తకమునఁ జదివిన విద్యార్థి దానిని పటమున వెదకినచోఁ గనఁబడదు. సమీపమునందలి కొండెవరము పేరునకు అది వికృతియని చెప్పుదురు. యుద్ధమో చందుర్తి పేరనే దేశమున వ్యవహరింపఁబడుచున్నది. బోధకులు చందుర్తి యను పేరునే ముందుంచి, కాండోరును దానికి ఆంగ్లరూపముగాఁ జెప్పుట యుక్తము. బిరుదమునందలి యక్షరములు ప్రమాణములు. స్థలనిర్ణయమునకు మాత్రము నేలయే ప్రమాణము.

రెండవది విచ్ఛేదమును గూర్చినది. వేంగీవంశావళులు ఏడు దినములే యేలిన ఇంద్రభట్టారకుని, ఒక్క నెల యేలిన తాళపుని గూడ విడువలేదు. అధికార మెవని చేతిమీఁదుగా నడచెనో వాఁ డెంతకొలఁది కాలముండినను లెక్కకు వచ్చును. పటాలపు వంశపత్రమునందు నింతే. పదిదినములు నడచిన పేరునైనను విడువరాదు, తెగిన సంబంధమును గలుపరాదు. సైనికదళముల చరిత్రము వ్రాయువారు తమ దళమునకుఁ బ్రాచీనతను గట్టఁబెట్టవలెనని తెగినచోట ముడి వేయుదురు. కృత్రిమశాసనములను గుర్తింప నేర్చిన పండితులకు ఈ ముడిని గుర్తించుట కష్టము గాదు.

మూఁడవది మౌనమును గూర్చినది. శాసనము దాతను జెప్పును, ప్రతిగ్రహీతను జెప్పును, పొలిమేరలను జెప్పును. పొలము దున్నువానిఁ జెప్పుట యరుదు. ధ్వజబిరుదమును నంతే. అది చెప్పినది సత్యమే. చెప్పనివారు లేరనుట సత్యము గాదు. చందుర్తి కయ్యమున జెండాలను జుట్టి నేలపైఁ బెట్టి నిలిచినవారే యా దినపు గెలుపునకు మూలమైరి. వారి చిహ్నములు కనఁబడకుండుటయే యా దినమున వారు చేసిన సేవ. యుద్ధము ముగిసి యా జెండాలను మరల నెత్తికొన్న పిమ్మట వానిపై నేయక్షరములును గుట్టఁబడలేదు. చరిత్రకారుఁడు వంశపత్రముల మడఁతలు విప్పునప్పుడు, ఆ నేలపైఁ జుట్టియుంచిన జెండాలను గూడఁ దలఁపవలెను.